అయిదో కారు బానెట్

ఎస్సై గారూ, నా పేరు, ఇంటి నంబరు పై కాగితంలో మీ స్టేషను రైటరు గారు రాసుకున్నారు. పనిచేసే చోట అందరూ నన్ను భూతద్దం అంటారు. వయసు నలభై నాలుగు. కార్ల షోరూములో, కొత్త కారును కస్టమరు చేతికి ఇచ్చే ముందు దాని బాడీ అంతా పరీక్షించడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఇదే పని. మా ఆయన దర్జీ.

పని చేసే పద్ధతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ముందు ఉంగరం, వాచీ తీసి డ్రాయరులో పెడతాను. కారును ట్యూబులైట్ల వరుస కింద నిలబెట్టించి, రేకు మీద కనిపించే లైటు గీత ఎక్కడ వంకర పోతుందో చూస్తాను. తరువాత అరచేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మెల్లగా తడుముతాను. వట్టి చేతికి అందని గరుకు కవరు మీద నుంచి అందుతుంది. ఎందుకని అడిగితే నాకు చెప్పడం రాదు, తెలుస్తుంది అంతే. లోపం లేకపోతేనే తనిఖీ కాగితం మీద సంతకం చేస్తాను. నా సంతకం లేనిదే బండి గేటు దాటదు.

ఈరోజు బుధవారం ఉదయం తొమ్మిది నలభైకి తెల్ల కారు ఒకటి నా దగ్గరకు వచ్చింది. కస్టమరు ఒక నర్సు. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చి బయట సోఫాలో కూర్చుంది. ఎడమ వైపు వెనక తలుపు దగ్గర నా చెయ్యి ఆగింది. మళ్ళీ తడిమాను. మళ్ళీ ఆగింది. ఆ తలుపుకు రెండోసారి రంగు వేశారు. కాగితం మీద అదే రాశాను.

పది గంటలకు మేనేజర్ గారు వచ్చారు. "సంతకం పెట్టెయ్యమ్మా, ఆవిడకేం తెలుస్తుంది?" అన్నారు.

"ఆవిడకి తెలీదనేగా నన్ను పెట్టుకున్నారు" అన్నాను.

"కొత్త బండికి మళ్ళీ రంగెవరు వేస్తారు? నీ చేతికి వయసు మీద పడింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నోరు జారకుండా పెన్ను మూసి కోటు జేబులో పెట్టుకున్నాను. ఈరోజు పడ్డ మాటలన్నిటిలో అదే నాకు గుచ్చుకుంది.

పదిన్నరకు మా ఆయనకు ఫోన్ చేశాను. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఆ ఉలిపికట్టెవి నువ్వేనే. సంతకం పెట్టి పారెయ్" అన్నారు. "మీరు చిరిగిన బట్టకి మాసికేసి, కొత్త చొక్కా అని ఇస్తారా?" అని అడిగాను. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. తరువాత "పెట్టకు" అన్నారు.

పన్నెండింటికి మేనేజర్ గారు మీ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చారు. నేనే ఇనుప స్టూలు తగిలించి తలుపు సొట్ట చేశానట, పెయింటరు చేత గుట్టుగా రంగు వేయించానట, బయటపడుతుందన్న భయంతో ముందుగా నేనే రాశానట. చేత్తో తడిమితే రంగు ఎవరికీ తెలియదట, చేసినదాన్ని కాబట్టే నాకు తెలిసిందట. అదే నిజమని తేలితే నా ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఇంకే షోరూమూ నన్ను గేటు లోపలికి రానివ్వదు.

మూడు గంటలకు మీరు వచ్చారు. "చేత్తో తెలుస్తుందంటున్నారుగా, చూపించండమ్మా" అన్నారు. యార్డులోంచి మీరే నాలుగు తెల్ల కార్లు ఏరి, నర్సు కారును వాటిలో కలిపి వరుసగా పెట్టించారు. నర్సు తన స్కార్ఫుతో నా కళ్ళకు గంతలు కట్టింది. కడుతూ "మేడమ్, బాగా చూడండి" అంది. నాకు నవ్వు వచ్చింది.

మొదటి కారు బాగుంది. రెండోది బాగుంది. మూడోదానికి ఎడమ వెనక తలుపు అన్నాను. నాలుగోది బాగుంది. అయిదోదాని బానెట్ మీద నా చెయ్యి ఆగింది. మళ్ళీ తడిమాను. "దీనికీ వేశారు" అన్నాను.

మేనేజర్ గారి గొంతు మారింది. "ఉత్త బుకాయింపు సార్. ఆ బండి శనివారం లారీ దిగింది, యార్డులోనే ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోనేలేదు" అన్నారు.

నేను గంతలు విప్పి, బానెట్ ఎత్తించి, దాన్ని పట్టి ఉంచే బోల్టులు చూపించాను. ఫ్యాక్టరీలో రంగు పడిన బోల్టుకు స్పానరు తగిలితే అంచున రంగు రాలుతుంది. రాలి ఉంది. మీరు టార్చి వేసి చూశారు. "ఆవిడ ముట్టుకోలేదని మీరే అంటున్నారు. మరి దీన్నెవరు విప్పారు?" అని అడిగారు.

గోడవారన నిలబడ్డ పెయింటరు ముందుకు వచ్చాడు. "నేనే సార్. లారీలో గొలుసు తెగి రెండు బండ్లూ దెబ్బతిన్నాయి. సారు వెయ్యమంటే ఆదివారం వేశాను" అన్నాడు. నా వైపు తిరిగి, "నా రంగు ఎవరికీ దొరకదనుకున్నానక్కా. ఒక్కసారన్నా నన్ను గెలవనివ్వవు కదా" అన్నాడు.

ఎవరు తీసిన గోతిలో వారే పడతారని వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు, ఈరోజు నాలుగూ పదికి కళ్ళారా చూశాను. నాకు చాలా సంతోషం కలిగింది. ఈ మాట అలాగే రాయండి.

నర్సు "మేడమ్ చూసిన బండే నాకివ్వండి" అంది. నాలుగున్నరకు నాలుగో కారును మళ్ళీ మొత్తం తడిమి సంతకం చేశాను. అయిదింటికి ఆమె దాన్ని నడుపుకుంటూ గేటు దాటింది.

పైనున్నది నాకు చదివి వినిపించారు. కాగితం తీసుకుని నేనూ మొదటి నుంచి చివరి దాకా చూశాను. మేనేజర్ అన్న ప్రతిచోటా పక్కనున్న 'గారు' కొట్టిద్దామనుకుని మానేశాను. ఆ మర్యాద నాది. నేను చెప్పిందంతా నిజం. రాసినదాంట్లో లోపం లేదు, అందుకని సంతకం చేస్తున్నాను.

(సంతకం)