పేరు పెట్టని బిడ్డ

రిబ్కమ్మ అని ఒకామె ఉండేదంట, మిరప చేలల్లో కాయలు కోసే మనిషి. పల్నాడు దిక్కు ఊరు, ఊరి పేరుతో మీకు పని లేదు. మొగుడు ఏలియా లారీల మీద మూటలెత్తే పనికి పోతే వారాల తరబడి ఇల్లు చూడడు. ఇంట్లో ఉండేది అత్త మార్తమ్మ, ఒళ్లో మూణ్ణెల్ల ఆడపిల్ల లేయమ్మ. అంతకు ముందు ఒక మగబిడ్డ పుట్టి పోయాడు. ఆ సంగతి నేను ఎక్కువ చెప్పను, ఇక్కడ బిడ్డలున్నోళ్లు కూచున్నారు. సమాధుల దొడ్లో ఓ మూల చిన్న దిబ్బ, దాని మీద సున్నం, ఒక చెక్క శిలువ. అంతే అనుకో. చేలోంచి వస్తా వస్తా రిబ్కమ్మ ఆ దారినే వచ్చేది. ఎందుకా దారి, చుట్టు కదా అని మార్తమ్మ ఎప్పుడూ అడగలేదంట. మార్తమ్మ నోరు మీరు ఎరగరు గదా, ఆ నోరు అడక్కుండా ఊరుకున్న మాట అదొక్కటే.

ఏమైందంటే, ఆ ఏడు కోతలకి కర్నూలు దిక్కు నించి కూలీల ముఠా దిగింది. చేల గట్ల మీద పట్టాలు కప్పుకొని గుడారాలేసుకున్నారు. వాళ్లలో మద్దిలేటి అని ఒకడు, పెళ్లాం లింగమ్మ నిండు చూలాలు. చూలాల్ని ఇంత దూరం ఎందుకు తెచ్చావయ్యా అంటే ఏం చెప్తాడు? కాయ కొయ్యకపోతే తినేదేంది? గుడారంలోనే కాన్పయింది, మగపిల్లోడు. బాలింతకి జ్వరం తగిలింది, ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. పాపం, పిల్లోడు ఒకటే ఏడుపు. ముఠాలో పాలున్న ఆడమనిషి లేదు. ఆవుపాలు గుడ్డ తడిపి నోట్లో పిండితే కక్కేస్తన్నాడు. ఆ ఏడుపు పక్క చేలో కాయ కోస్తున్న రిబ్కమ్మకి వినపడింది. విన్నోళ్లు చాలామందే ఉన్నారు లే. ఈమె మటుకు గంప కింద పెట్టి, గుడారం కాడికి పోయి, ముఠాలో ఉన్న ముసలామెతో, "అవ్వా, నా చేతులు మంట, నువ్వు పట్టుకో బిడ్డని, నేను పాలిస్తా" అందంట.

ఈ మంట సంగతి తెలియనోళ్లకి చెప్పాలి. మిరపకాయ కోసిన చెయ్యి ఎన్ని నీళ్లు పోసి కడిగినా మంట పోదు. మజ్జిగతో కడుగు, ఆముదం రాయి, అయినా ఉంటది. ఆ చెయ్యి పసిబిడ్డకి తగిలిందా, ఒళ్లంతా ఎర్రగా పొంగుద్ది. అందుకని కాయ కోసే తల్లి పాలిచ్చేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకొని కూచుంటది, ఇంకోరు బిడ్డని రొమ్ముకి పట్టాలి. రిబ్కమ్మకి ఆ పని చేసేది మార్తమ్మ. తండ్రికి చెప్పి పిల్లోణ్ణి ఇంటికి తెచ్చుకునేసరికి ఇప్పుడు ఒకరికి ఇద్దరయ్యారు. మార్తమ్మ లేచింది చూడండీ, "ఏమే, నీ పిల్లకే చాలీ చాలని పాలు. నువ్వేమన్నా గేదెవా?" అంటది. "ఏడుస్తుంటే వినపడిందత్తా." "వినపడితే? ఊరంతటికీ వినపడింది." "ఊరిని అడగడు ప్రభువు. నన్నడుగుతాడు." ఇంకేం అంటది మార్తమ్మ? "అడిగితే నా పేరు చెప్పు, మా అత్త వద్దందని చెప్పు, నేను చూసుకుంటా" అని గొణుక్కుంటా ఒక తొడ మీద మనవరాల్ని, ఒక తొడ మీద ఆ పరాయి పిల్లోణ్ణి పెట్టుకొని ఒకళ్ల తర్వాత ఒకళ్లని కోడలి రొమ్ముకి పట్టేదంట. పట్టంగా పట్టంగా ఏమైంది? పిల్లోడు పాలు తాగింది కోడలి కాడ, నవ్వింది మాత్రం మార్తమ్మ మొహం చూసి. ఇంక అయిపోయింది ఆమె పని.

కోతలు ముగిసి ముఠా గుడారాలెత్తేస్తుంటే మద్దిలేటి వచ్చి వాకిట్లో కూలబడ్డాడు. "అక్కా, వీణ్ణి ఇప్పుడెత్తుకపోతే దారిలోనే పోతాడు. బువ్వ తినేదాకా నీకాడుంచుకో. మల్లా కోతలకొస్తా, వచ్చి తోల్కపోతా" అన్నాడు. రిబ్కమ్మ సరే అంది. అతను పోయాడు. నెలలు గడిచినా కబురు లేదు. లేయమ్మ బాప్తిస్మం దగ్గరికొచ్చింది. సంఘపెద్ద దానియేలు వచ్చి మంచం మీద కూచొని, "అమ్మాయ్, వాడింక రాడు. ఆదివారం ఇద్దరికీ ఒక్కసారే నీళ్లు పోయిద్దాం. మంచి పేరు పెడదాం. పేరు పడిందంటే పిల్లోడు మనోడు, రేపు ఎవరొచ్చినా ఏం చెయ్యలేడు" అన్నాడు. మార్తమ్మ మొహం దీపంలాగా వెలిగింది. రిబ్కమ్మకి లేదా ఆశ? ఉంది. పోయిన బిడ్డ చోట్లో దేవుడు పెట్టాడేమో అని ఎన్నిసార్లనుకుందో ఆమెకే తెలుసు. కానీ ఏమందంటే, "తండ్రి ఉన్నోడు పెద్దయ్యా. అడక్కుండా బిడ్డని తీసుకుంటే దాన్ని దొంగతనమంటారు. దొంగతనం చేసిన బిడ్డని దేవుడి ముందు ఏ మొహంతో నిలబెట్టను?" అంది. లేయమ్మకి ఒక్కదానికే నీళ్లు పోశారు. పిల్లోడు పేరు లేకుండా, అందరూ పిలిచే చిన్నయ్యగానే ఉండిపోయాడు. కోడలు చేలోకి పోయినాక మార్తమ్మ వాణ్ణి దావీదు దావీదు అని పిలుచుకునేదంట. నవ్వబాకండి. మీరైతే పిలవరా?

మళ్లీ కోతలొచ్చినై. ముఠా దిగిన పొద్దు రిబ్కమ్మ చేలో ఉంది. ఇంట్లో పిల్లలిద్దరూ నిద్ర, మార్తమ్మ గడపలో కూచొని చింతకాయ తొక్కు దంచుతుంది. మనిషొకడు వచ్చి వాకిట్లో నిలబడి, "అవ్వా, బాగుండావా? నేను మద్దిలేటిని" అన్నాడు. మార్తమ్మ చేతిలో బండ ఆగిపోయింది. "నా కొడుకు యాడుండాడవ్వా?" అన్నాడు. ఆమె అనుకొని అన్న మాట కాదంట అది, నోటికి దానంతటదే వచ్చింది. "పోయాడు నాయనా. జ్వరమొచ్చింది, పోయాడు." అప్పుడే లోపల పిల్ల మూలిగింది. అతను తలెత్తాడు. "నా మనవరాలు" అంది మార్తమ్మ. ఆ ఒక్క మాట మటుకు నిజమే, మూలిగింది లేయమ్మే. అతను అరవలేదు, తిట్టలేదు. నేల మీద గొంతుక్కూచున్నాడు. "యాడ పెట్టినారో సూపిచ్చవ్వా, పిడికెడు మన్నేసి పోతా" అన్నాడు. ఇప్పుడు మార్తమ్మ ఏం చెయ్యాల? అబద్ధం చెప్పింది గానీ దానికి సమాధి యాణ్ణించి తెచ్చిద్ది? పక్కింటామెని పిల్లల్ని చూడమని చెప్పి, అతన్ని సమాధుల దొడ్డికి తీసకపోయి ఆ మూల దిబ్బ చూపిచ్చింది. "శిలువ పెట్టినారే?" అన్నాడంట. "మా కాడ అంతే నాయనా" అంది.

రిబ్కమ్మ పని దిగి అదే దారిన వస్తంది. చూసేసరికి తన బిడ్డ దిబ్బ మీద ఎవరో మగమనిషి బోర్లాపడి ఏడుస్తున్నాడు. కండవా మూట విప్పి ఒక బుల్లి చొక్కా, ఒక ఎర్ర మొలతాడు తీసి దిబ్బ మీద సర్దుతున్నాడు. దూరంగా మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది. కోడల్ని చూసింది, తల అడ్డంగా తిప్పింది, చెప్పొద్దని. రిబ్కమ్మకి అంతా అర్థమైపోయింది. మాట్లాడకుండా ఇంటికి పోతే చాలు, పిల్లోడు తనకే. ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. ఆమె నిలబడింది. ఎంతసేపు నిలబడిందని నన్నడక్కండి, నేను చెప్పలేను. తన బిడ్డ కోసం తను కాక ఇంకో మనిషి ఏడుస్తుంటే ఆమె చూడటం అదే మొదలంట. ఆ ఏడుపు తప్పు చోట పడుతుందని తెలుసు, అయినా ఆపబుద్ధి కాలేదంట కాసేపు. ఆ తర్వాత దగ్గరికి పోయి, "లే అన్నా. ఇది నా బిడ్డ. నీ బిడ్డ ఇంట్లో నిద్రపోతున్నాడు" అంది.

అతను నమ్మితేనా! పిచ్చోడిలాగా ఇద్దరి మొహాలూ చూస్తన్నాడు. ఇంటికి తీసుకొచ్చి చూపిచ్చారు. పిల్లోడు అప్పుడే లేచి, ఎవర్రా వీడు అన్నట్టు చూసి, పోయి మార్తమ్మ కాళ్లు వాటేసుకున్నాడు. ముసల్ది అప్పుడు ఏడ్చింది, "నన్ను కొట్టు నాయనా" అని. అతను కొట్టలేదు. "అవ్వా, నా కొడుకును ఉంచుకోవాలని ఇంత పాపం మీదేసుకున్నావే, వానికి ఇంగేం తక్కువైంటాదిక్కడ" అన్నాడంట. మంచోడు. "ఏం పేరు పెట్టినారక్కా?" అంటే, "నువ్వొస్తావని పెట్టలేదన్నా" అంది రిబ్కమ్మ. అతను గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు. "వాళ్లమ్మ లింగమ్మ గదా. లింగన్న అందాం" అన్నాడు. మార్తమ్మ మొహం చూడాల అప్పుడు! పాపం, దావీదు అక్కడికక్కడే లింగన్న అయిపోయాడు.

కోతలయిందాకా అతను ముఠాలోనే ఉన్నాడు. రోజూ సాయంత్రం మార్తమ్మే పిల్లోణ్ణి చంకనేసుకొని గుడారం కాడికి పోయేది, తండ్రికి అలవాటు కావాలని. వాడు కారం తినడు, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాల, ఎడమ పక్కకి పడుకోబెడితే నిద్రపోడు, ఇట్టాంటివన్నీ ఆమే నేర్పిందంట మద్దిలేటికి. ముఠా ఎత్తేసిన పొద్దు రిబ్కమ్మ పనికి పోలేదు. పిల్లోడికి తలంటి, కాటుక పెట్టి, ప్రార్థన చేసి తండ్రి చేతుల్లో పెట్టింది. వాడు ఏడ్చాడు. ట్రాక్టరు కనపడకుండా పోయిందాకా ఏడుపు వినపడుతూనే ఉంది. ఆమె లోపలికొచ్చి లేయమ్మకి అన్నం కలిపింది. ఇంతకంటే నేను చెప్పను.

ఆ నెల ప్రభువు బల్లకి, అదే గుళ్లో తప్పులొప్పుకొని రొట్టె, రసం తీసుకునేదానికి, మార్తమ్మ ముందుకు రాలేదు. వెనకాల గోడకానుకొని కూచుంది. పై నెల కూడా అంతే. పాస్టరు అయ్యగారు చూసి చూసి, "ఏం మార్తమ్మా, అబద్ధమాడినందుకు పశ్చాత్తాపపడ్డావా లేదా? పడితే రా" అన్నాడు. ఆమె అందరి ముందూ లేచి, "పడ్డానయ్యగారూ, అబద్ధానికి పడ్డా. ఆ పిల్లోడు మాకే ఉంటే బాగుండని అనుకున్నదానికి మటుకు పడలేకపోతున్నా. రోజూ పడదామనే చూస్తన్నా, రావట్లేదు. సగం పశ్చాత్తాపానికి మీకాడ సగం రొట్టె ఏమన్నా ఉందా?" అంది. గుళ్లో నవ్వనోళ్లు లేరు. కొంగు అడ్డం పెట్టుకొని రిబ్కమ్మ కూడా నవ్వింది, పిల్లోడు పోయినాక మొదటిసారి. నవ్వుతూనే లేచిపోయి అత్త చెయ్యి పట్టుకొని బల్ల కాడికి తీసుకొచ్చి పక్కన మోకరించింది. అయ్యగారు ముసల్దానికి మొత్తం రొట్టే పెట్టాడంట. పెట్టక ఏం చేస్తాడు? సగం పశ్చాత్తాపమోళ్లని వెనక్కి పంపితే ఆ గుళ్లో బల్ల ముందుకి వచ్చేదెవరు, అయ్యగారితో సహా?