పన్నెండో ఇరుసు

వేదవల్లక్కా, బంధువులారా, పాలకోడు నుండీ పాపిరెడ్డిపట్టి నుండీ పనులు మానుకుని వచ్చిన మిత్రులారా,

వాచీలు బాగుచేసే రంగరాజు మాస్టరు పోయి నేటికి పదహారు రోజులు. ధర్మపురి బస్టాండు పక్క సందులో నలభై ఏళ్లు తెరిచి ఉన్న అంగడి మూతపడి పదహారు రోజులు. ఇంతమంది వస్తారనుకోలేదు, కుర్చీలు చాలలేదు. సభ ఐదింటికన్నాం, ఐదింటికే మొదలుపెట్టాం. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆయన ఏమనేవాడో నేను చెప్పనక్కర్లేదు, వాళ్లకే తెలుసు.

నేను ఆయన దగ్గర ఆరు నెలలు పని నేర్చుకున్నాను. నేర్చుకున్నానా? మొదటి పాఠమే నోరు మూసుకోవడం. వెంట్రుకలాంటి స్ప్రింగు, ఊపిరి తగిలినా కదులుతుంది. ఒకనాడు కూలీ రేట్ల మీద వాదిస్తూ ట్వీజరు వదిలాను. స్ప్రింగు ఎగిరి ఎదుట కూర్చున్న టమోటా వ్యాపారి చొక్కా జేబులో పడింది. ఆయన పాలకోడు బస్సెక్కి వెళ్లిపోయాడు. స్ప్రింగు మరుసటి వారం ఉతికిన చొక్కాతో సహా తిరిగొచ్చింది. మాస్టరు తిట్టలేదు. "నీ చెయ్యి బాగుందిరా, నోరే నిలవదు. వాచీలని ఇడిచిపెట్టి పోయి మైకు పట్టుకో" అన్నాడు. ఇరవై ఏళ్లుగా మీరు పడుతున్న బాధకు కారకుడు ఆయనే.

నేను వదిలిన స్టూలు మీద చాలామంది కూర్చున్నారు. ఆరేళ్ల కిందట మణిమేగలై కూర్చుంది. పాపిరెడ్డిపట్టిలో కూలికి పోయే ఇంటి పిల్ల. మొదటిరోజు టీ వచ్చింది. అందరికీ గాజు గ్లాసు, ఆమెకు కాగితం కప్పు. ఎందుకో మనకు తెలియదా? తెలిసీ తాగుతూ వచ్చాం కదా? మాస్టరు ఉపన్యాసం ఇవ్వలేదు, ఆ పని నాది. "నాకూ కాయిదం కప్పులోనే తేప్పా, లేదంటే ఆ పిల్లకీ గాజుదే తే" అని ట్రే తిప్పి పంపాడు. మర్నాటి నుండి అన్నీ గాజు గ్లాసులే.

రెండేళ్లు ఆమె విప్పడం, కడగడం, బిగించడం నేర్చుకుంది. ఒక సాయంత్రం ఆయన పళ్ల మధ్య ట్వీజరు పెట్టుకునే "మణీ, రేపు కడసల్‌కి రా" అన్నాడు. లేతు పనిని మనం ఇక్కడ తమిళంలో కడసల్ అంటాం. ఆమెకు వినపడింది వేరు: రేపు కడసారి రా. మర్నాడు ఆకువక్క, అరటిపళ్లు, ఆయన ఇచ్చిన పనిముట్లు తట్టలో పెట్టుకొచ్చి, సెలవు తీసుకోవడానికి కాళ్ల మీద పడింది. ఆయనేమో కొత్త పనికి తట్ట తెచ్చిందని మురిసిపోయి, లేతుకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టేశాడు. ఈమె ఏడుపు, ఆయన నవ్వు. మధ్యాహ్నం భర్తకు క్యారియరు తెచ్చిన వేదవల్లక్కే తేల్చింది: "ఆ బిడ్డ పోతానని వచ్చింది, మీరు రమ్మని టెంకాయ కొట్టినారు."

వాచీ లోపల అటూ ఇటూ ఊగే చక్రానికి ఒక ఇరుసు ఉంటుంది. బియ్యపు గింజ కన్నా చిన్నది, దాని కొన తలవెంట్రుకంత. పాత వాచీలకు అది ఇప్పుడు దొరకదు, ఉక్కు కడ్డీ నుండి లేతు మీద చెక్కాలి. మణిమేగలై చెక్కిన మొదటిది విరిగింది. రెండోది విరిగింది. పదకొండు విరిగాయి. పారేయబోతే ఆయన ఆపాడు: "ఇరిగింది పారెయ్యొద్దు, అదే నీ సర్టిఫికెట్టు." ఇదిగో, ఈ అగ్గిపెట్టెలో ఆ పదకొండూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు మాట. మాస్టరు అన్నకొడుకు బాలాజి ఇంట్లో అన్నాడట: "చిన్నాయన లేతు మన వంశానిది. పాత ఇనుముకైనా ఏస్తాం గానీ, బయటి పిల్లకి ఇయ్యం."

బాలాజీ, ముందు వరుసలోనే ఉన్నావు, సంతోషం. పని రక్తంలో వస్తుందా? వచ్చేదైతే ఆ స్టూలు మీద నువ్వు ఒక్కరోజైనా ఎందుకు కూర్చోలేదు? బయటి పిల్ల అంటే దేనికి బయట? ఎవరు గీసిన గీతకు బయట? కోపం తెచ్చుకోకు, నా ఒక్కడి కోపమే ఈ హాలుకు చాలు.

పన్నెండో ఇరుసు విరగలేదు. అది ఎక్కడుంది? రెండేళ్ల కిందట నీ పెళ్లి వాచీ కింద పడింది, గుర్తుందా? కీ ఇచ్చే వాచీ. మాస్టరు దాన్ని నీ చేతికిచ్చాడు, ఎవరు బాగుచేశారో చెప్పలేదు. "వాడు కట్టుకుని తిరగనీ, ఒకనాడు చెప్దాం" అని వేదవల్లక్కతో అన్నాడు. ఆ ఒకనాడు ఈనాడే. రెండేళ్లుగా నీ మణికట్టు మీద తిరుగుతున్నది మణిమేగలై ఇరుసు.

ఆ వాచీ ఒక్క నిమిషం ఇలా ఇవ్వు, నాయనా. ఇచ్చాడు. చప్పట్లు వద్దు, కూర్చోండి.

అంగడి తాళంచెవి వేదవల్లక్క కొంగున ఉంది. మనం ఒక్క నిమిషం మౌనం పాటించాక అందరి ముందూ ఇస్తానంది. ఎవరికివ్వాలో ఆమెకు మనం నేర్పక్కర్లేదు. ఈ సభ కడసారి చూపు కాదు మిత్రులారా. కడసల్.

మైకు ఈ వాచీ ముందు పెడుతున్నాను. నిమిషానికి మూడువందల సార్లు కొట్టుకుంటుంది, ఆ మూడువందలూ విందాం. ఫోన్లు జేబుల్లో పెట్టి అందరూ లేచి నిలబడండి. నోరు మూసుకోమని మాస్టరు చెప్పినప్పుడు నేను వినలేదు. ఇప్పుడు వింటాను.