గంట మలుపు

ఏంటే ఆ పని? గంట ఊడపీకేస్తున్నావా? బరువా? అరచేతిలో పట్టే గంట ఏం బరువే తల్లీ, పొద్దున నువ్వు తిన్నదాంట్లో పావు వంతు ఉండదది. ఆ పానా కింద పెట్టు ముందు. పెట్టి ఇలా కూర్చో. రేపు పందెం, నాకూ తెలుసు. అందరూ పీకేస్తున్నారు, అదీ తెలుసు. మీ అమ్మమ్మ కూడా పీకింది. అచ్చం ఇలాగే, పెదవుల మధ్య నాలుక పెట్టుకుని. నీకు ఆవిడ పోలిక ఒక్కటీ రాలేదనుకున్నా ఇన్నాళ్లూ, ఇదిగో బయటపడింది.

ఇప్పుడంటే ఆ పందెం దారికి బోర్డులు, అద్దె సైకిళ్లు, అడుగుకొకడు ఫోటోలు. మా రోజుల్లో దాన్ని 'చుట్టు' అనేవాళ్లం, అంతే. కోట గుమ్మం దగ్గర మొదలు. గోదాముల మధ్య రాళ్ల వీధి, అబ్బ, పళ్లు కదిలిపోయేవనుకో. నేను ఆ గోదాముల్లోనే తూకం గుమాస్తాని కదా, రోజూ అదే వీధి. సరే, అక్కణ్ణించి ఉప్పుమడుల గట్టు, తర్వాత కొండ ఎక్కుడు, పైన దీపస్తంభం మలుపు. ఆ మలుపు తిరిగావంటే సముద్రం మొత్తం నీదే. ఇక జారుడే జారుడు, చేపల రేవు మీదుగా మళ్లీ కోట గుమ్మానికి. ఏం చెప్తున్నా? ఆ, గంట. కొందరు ఘనులు కొండ ఎక్కకుండా ఉప్పుమడుల్లోంచి అడ్డదారిన రేవుకి దిగిపోయేవాళ్లు, ఏమీ ఎరగనట్టు. అందుకని పందెం పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. మలుపు దగ్గర దీపాలాయన ఉండేవాడు, దీపస్తంభం చూసుకునే ముసలాయన. చూపు ఆనేది కాదు పాపం, చెవులు మాత్రం పాము చెవులు. ఆయన అరుగు ముందు గంట కొట్టి పేరు చెప్పాలి. గంట విన్నానని ఆయనంటేనే చుట్టు తిరిగినట్టు.

మీ అమ్మమ్మకి అప్పుడే రేవు బడిలో టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఇల్లేమో కొండ దిగువన, సైకిల్ లేకపోతే ఉద్యోగం లేదు. వాళ్ల నాన్నది సైకిల్ షాపే, విడ్డూరం చూడు, ఊరందరికీ సైకిళ్లు బాగుచేసి ఇచ్చే మనిషి, కూతురు ఎక్కుతానంటే మాత్రం, "కొండ సగంలో కూలబడతావు, నిన్ను మోసుకొచ్చేదెవరు? చుట్టు మొత్తం పూర్తి చెయ్యి, సైకిల్ నీది. చెయ్యలేకపోయావా, సైకిలూ లేదు, బడీ లేదు" అన్నాడు. గెలవమనలేదు, పూర్తి చెయ్యమన్నాడంతే. కానీ ఈవిడగారు ఊరుకుంటేనా? గెలుస్తానని మడ్‌గార్డు తీసేసింది, స్టాండు తీసేసింది, క్యారియర్ తీసేసింది, ఆ ఊపులో గంటా తీసేసింది!

పందెం రోజు ఆవిడ ముందు, వెనక నేను. నిజంగా చెప్తున్నా, నేను పళ్లు బిగించి తొక్కుతున్నా అందలేదు. కొండ మీద కనుచూపు మేరలో లేదు. నేను ఎగశ్వాసతో ఎక్కుతుంటే పైనుంచి ఎదురొస్తోంది! "ఏమ్మా, దారి తప్పావా?" అని అరిచా. "గంట!" అంది, సర్రుమని దిగిపోయింది. అరుగు దగ్గరికెళితే దీపాలాయన తల పట్టుకుని కూర్చున్నాడు. "వెళ్లిపోమ్మా, గొంతు గుర్తుపట్టాగా, గంట విన్నాననే చెప్తాలే అన్నానయ్యా. వినదే! మీచేత అబద్ధం చెప్పించి నేను పిల్లలకి పాఠాలు చెప్పనా తాతా అని వెనక్కి తిప్పేసింది" అన్నాడు. చూశావా? ఎవరికీ తెలిసేది కాదే!

షాపులో వాళ్ల నాన్న తలెత్తి చూసి, "అయిపోయిందా సంబరం? చెప్పానా?" అన్నాట్ట. "గంట బిగించండి నాన్నా" అందట ఈవిడ, రొప్పుతూ. జరిగిందంతా చెప్పిందట. ఆయనే పానా తీసుకుని బిగించాడు. ఇదంతా తర్వాత నాతో ఆయనే చెప్పుకున్నాడు, మామగారయ్యాక.

ఇంతకీ పందెం గెలిచిందెవరనుకున్నావు? నవ్వకే, నేనే! మెళ్లో దండ వేశారు. ఒక్కడంటే ఒక్కడు నా మొహం చూడలేదు. అందరూ రేవు వైపే చూపులు. పందెం పెద్దలు పేర్లు రాసుకునే బల్ల ఎత్తేద్దామన్నారు, ఎత్తండి చూద్దాం అన్నాను. పొద్దు వాలుతుంటే మనిషి కనపడకముందే గంట వినపడింది. కొండ రెండుసార్లు ఎక్కిన మనిషి, అందరికంటే ఆఖరున, గంట కొట్టుకుంటూ వచ్చింది చూడు, ఊరు ఊరంతా లేచి నిలబడింది. షాపు ఏనాడూ మూయని మామగారు షాపు మూసి వచ్చి నిలబడ్డాడు. "సైకిల్ నీది. గంట మాత్రం నాది, మళ్లీ ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాడు. అని మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆ మలుపు తిరిగినప్పుడల్లా నేను రెండు గంటలు కొట్టేవాణ్ణి, ఒకటి నాది, ఒకటి ఆవిడది. పెళ్లయ్యాక కూడా మానలేదు. "చాల్లెండి మీ చోద్యం" అనేది గానీ, మనసులో ఎంత మురిసిపోయేదో నాకు తెలీదూ! నన్ను చూసి రేవు వాళ్లు, వాళ్లని చూసి ఊరు. ఇప్పుడు బయటూరి వాళ్లు కూడా రెండు కొడతారు, ఎందుకో తెలీకుండానే. ఆవిడ పోయి ఇన్నేళ్లైనా ఈ కిటికీ దగ్గర కూర్చుంటే, గాలి ఇటు వీచిన రోజున నాకు వినిపిస్తాయి.

నీ సైకిల్ కొన్న రోజున ఆ గంట నేనెందుకు నా చేత్తో బిగించానో తెలిసిందా ఇప్పుడు? మా మామగారిది, ముట్టుకోకు. తిప్పు, గట్టిగా తిప్పు, మర ఎక్కాలి. అయిందా? ఏదీ, ఒకసారి కొట్టు.

ఊఁ. ఇంకోసారి.