బొట్టు పెట్టిన రికార్డు

హలో… ఆ, నేనేనండి, శ్యామలాంబని. కాస్త గట్టిగా చెప్పండి, వీధిలో ఐసుబండివాడు గంట కొడుతున్నాడు…

రాజమండ్రి నుంచా… ఏ సంఘం?… పాత రికార్డుల సంఘం. ఓహో, వాటికీ సంఘం ఉందన్నమాట… కార్యదర్శి ఉదయభాస్కర్ గారు. నమస్కారం బాబూ.

ఆ… ఆ… అవును, నేనే పాడాను. 'రేవుపాటలు'. మద్రాసులోనే. పాతికేళ్ళ పైమాట…

అయ్యో, గొంతు వణుకుతోందేంటండీ మీకు? మంచినీళ్ళు తాగి రండి. నేనెక్కడికీ పోను.

…

ఎవరన్నారు చచ్చిపోయానని?… పుస్తకంలో రాశారా! ఏమని?… రికార్డు విడుదల కాలేదన్న దిగులుతో… రాజమండ్రి వంతెన మీంచి గోదాట్లో దూకానా!… మరి ఇప్పుడు మీరు ఎవరికి ఫోన్ చేసినట్టండీ?… ఓహో, డైరెక్టరీలో పేరు చూసి, అనుమానంగానే చేశారా.

లేదు లేదు, కోపం దేనికి? దూకినదాన్ని దూకినట్టుండకుండా రామచంద్రపురంలో కూచుని వంకాయలు తరుగుతున్నాను. తప్పు నాదే.

సరే, సంగతేంటో చెప్పండి…

దొరికిందా! మీ దగ్గరే ఉందా?… ఎక్కడ దొరికిందండీ?… జంగారెడ్డిగూడెం! అక్కడిదాకా వెళ్ళిందా నా పాట… మైక్‌సెట్ అమ్మిరాజు గారి అటక మీద… జీడిపిక్కల బస్తా కింద. బాగుంది. మంచి చోటే దాచారు.

అంటే దొంగ రికార్డే కదండీ… ఆహా, తప్పుగా అనలేదు. అసలుది ఎక్కడుంది గనక? కంపెనీ వాళ్ళు విడుదలే చెయ్యలేదు. కంపెనీ మూతపడ్డాక ఎవడో ఆ టేపులు పట్టుకుపోయి, చాటుగా రికార్డులు వేయించి మైక్‌సెట్ల వాళ్ళకి అమ్ముకున్నాడు. పెళ్ళిళ్ళలో, తిరణాలల్లో మోగించారట. పాడినదానికి ఒక్కటంటే ఒక్కటి ఇచ్చిన పాపాన పోలేదు మహానుభావుడు.

ఏంటీ, మీ దగ్గర ఇదివరకే మూడున్నాయా? ఇది నాలుగోదా?… ఒకే రికార్డు నాలుగెందుకండీ, ఇంట్లో నలుగురికీ తలొకటా?… తేడాలా? చెప్పండి, వింటున్నాను… మధ్యలో తెల్లకాగితం అంటించింది ఒకటి… కాగితం గీకేసింది ఒకటి… అవునవును, పక్క ఊరి మైక్‌సెట్ వాడికి ఏ పాటో తెలియకూడదని గీకేసేవారు… మూడోది అంచు వంకర తిరిగినది. దానికేమో ఇంకా గిరాకీ ఎక్కువ… అంచు వంకర తిరిగిందంటే, పెళ్ళి పందిట్లో ఎండలో వదిలేసి భోజనానికి వెళ్ళాడని అర్థమండీ. అంతకు మించి అందులో ఏం లేదు.

…

ఇంతకీ ఎలా ఉంది?… అహ, అంచు కాదు. పాట. పాట ఎలా ఉంది?…

వినలేదా?… నాలుగింట్లో ఒక్కటీ?… ముల్లు పడితే అరిగిపోతుంది. ఓహోహో. అంటే, కొత్తావకాయ జాడీ తెచ్చుకుని, మూతిగుడ్డ విప్పకుండా రోజూ తుడిచి పెట్టుకుంటున్నారన్నమాట… లేదండీ, మెచ్చుకుంటున్నాను. అంత నిగ్రహం మావల్ల కాదు.

ఏ గుర్తు?… ఎర్రగా… మధ్య చిల్లుకి పైన… వేలిముద్రంత. ఊఁ… మొట్టమొదట వేసిన వాటికే ఉంటుందా. దానికి పేరు కూడానా… 'తిలకం ముద్ర'!

అయ్యో నా తండ్రీ… ఆ పక్కన పసుపేమైనా ఉందేమో చూడండి… ఉంది కదూ. దసరాకి ఆయుధపూజ చేసుకుంటారు నాయనా. మైక్‌సెట్ వాడికి కత్తులూ బరిసెలూ ఎక్కణ్ణుంచి వస్తాయి? వాడి ఆయుధాలు హారన్లూ, రికార్డులే. అన్నిటికీ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతాడు. అది అమ్మిరాజు గారి వేలు… వాళ్ళావిడదైనా అయ్యుండాలి.

… దాని మీద వ్యాసం రాశారా! మీరే?… ఫోటోతో సహా… నవ్వట్లేదండీ. దగ్గు.

సరే, నేనేం చెయ్యాలి ఇందులో?… సాయంత్రం సభ. ఆ… ఈ రికార్డు అందరి ముందూ పెడతారు. ఆ… భీమవరం పెద్దిరాజు గారు ఏమంటున్నారు?… నకిలీదనా! దొంగ రికార్డులో మళ్ళీ నకిలీ ఏంటండీ?… ఎవరో ఆర్కెస్ట్రా పిల్లలు నా పాటలే పాడి, నా పేరు పెట్టి వేయించారట. అయితే అసలు దొంగది వేరు, దొంగ దొంగది వేరు. ఇప్పుడర్థమైంది. అందుకని, అసలు దొంగదేనని నేను ఒక ముక్క రాసి సంతకం పెట్టాలి… కారు పంపిస్తారా. ఎంత మర్యాద!

వినకుండా ఎలా రాయను బాబూ?… పెద్దిరాజు గారు మొన్న మా ఇంటికి వచ్చారులెండి. అవును, ఆయన రికార్డు పట్టుకునే. పట్టుపంచెలో చుట్టి తెచ్చారు. నా చేతికి చెమట ఉంటుందని ముట్టుకోనివ్వలేదు. పాడినదాన్ని నేను! పక్కన కూచోబెట్టి ఫోటో తీసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయారు. వినిపించండీ అంటే, మిషన్ తేలేదన్నారు.

కాబట్టి ఒకటే షరతు. మీరు ఇప్పుడు, ఈ ఫోన్లో, నాకు ఆ పాట వినిపించాలి. వినిపిస్తే సంతకం పెడతాను…

నేను వినలేదండీ. నా రికార్డు నేను ఈ రోజుదాకా వినలేదు… ఒట్టు… అబద్ధమాడాల్సిన పనేంటి నాకు?…

ఒక్కసారి ముల్లు పెడితే ఏమవుతుందండీ, పాటేమైనా ఊడి కింద పడుతుందా?… మీ నియమం. ఓహో… అలాగే. మీ నియమం మీరు పాటించండి. నేను పెద్దిరాజు గారికి ఫోన్ చేస్తాను. ఆయన వినిపిస్తే ఆయనదే అసలుదని రాసిచ్చేస్తాను…

హలో?… హలో?… ఆ, ఉన్నాను. చెప్పండి… ఏ పాటా?… రెండో వైపు పెట్టండి. మొదటి పాట… తొందరేం లేదు, మిషన్ మీది గుడ్డ తీసి, నెమ్మదిగా పెట్టుకోండి. రిసీవరు మాత్రం పెట్టెయ్యకండి. పక్కన పెట్టండి, అంతే…

—శ్రీదుర్గా! శ్రీదుర్గా, ఆ టీవీ తగ్గించమ్మా… రాజమండ్రి నుంచి. ఎవరో ఉదయభాస్కర్ గారట. నా రికార్డు పెడతానంటున్నాడు… చెయ్యి తుడుచుకుని ఇలా రా. కూచో.

బాగానే ఉన్నాను, మాత్ర వద్దులే. కూచో నువ్వు.

మా అక్కయ్య, సంపూర్ణమ్మ… ఆ, ఆ ఫోటోలో ఆవిడే. నాకు పాట మధ్యలో మాట మర్చిపోయే జబ్బు. పేరంటంలో పాడినా అంతే, రేడియోలో పాడినా అంతే. అక్కయ్య పక్కన కూచుని, ఎవరికీ వినపడకుండా మాట అందించేది. అది పక్కన లేకుండా నేను ఎక్కడా నోరు విప్పలేదు. మద్రాసు కూడా తీసుకెళ్ళాను… రెండో వైపు మొదటి పాటలో, రెండో చరణం ఎత్తుకున్నాను, మాట పోయింది. అక్కయ్య అందించింది. అదీ రికార్డులో పడిపోయింది.

కంపెనీ ఆయన ఏమన్నాడో తెలుసా? మళ్ళీ పాడండి, ఈసారి ఆవిణ్ణి బయట కూచోబెట్టండి అన్నాడు… దాని మొహం మీదే అన్నాడమ్మా. అది లేచి చెప్పులు వెతుక్కుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్కయ్య బయట కూచునే పాటా వద్దు, మీ రికార్డూ వద్దని, దాని చెయ్యి పట్టుకుని వచ్చి మెయిలు బండి ఎక్కేశాను. ఇదీ నేను వంతెన మీంచి దూకిన కథ… ఆ, అలా అని పుస్తకంలో రాశారట. తర్వాత చెప్తాలే.

ఆ పై ఏడే పోయింది అక్కయ్య… నీకు తెలియదు శ్రీదుర్గా, ఎవరికీ చెప్పుకోలేదు నేను. దాని గొంతు నాకు జ్ఞాపకం రావట్లేదు. మొహం తెలుసు, దాని చీరలన్నీ తెలుసు, నడక తెలుసు. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా గొంతు రావట్లేదు. ఎక్కడా లేదు, ఆ ఒక్క ముక్కలో తప్ప… ఒకసారి కాలవ అవతల పెళ్ళిలో వేశారు, ఈ పాటే, గాలికి సరిగా వినపడలేదు. కుంకుడు రసం నెత్తిన ఉండగానే పరిగెత్తాను. చుట్టూ తిరిగి పందిట్లోకి వెళ్ళేసరికి సన్నాయి పెట్టేశారు…

ఉష్. వచ్చాడు.

హలో… ఆ, వింటున్నాను. మీరు మాట్లాడకండి ఇంక…

…

…

ఊఁ…

…

…అక్క—

…

లేదండీ. ఏం లేదు. పొలమారింది.

ఎందుకు తీసేశారు?… అయిపోలేదుగా పాట… చాలనా? మీకు చాలు. ఇంకోసారి పెట్టండి. మొదట్నుంచీ వద్దు, ఆ రెండో చరణం. అక్కడే… ఒక్కసారి… అరిగిపోతుంది. సరే.

పోనీ ఒక పని చెయ్యండి బాబూ. ఇవాళ కాకపోతే రేపు, క్యాసెట్లో ఎక్కించి ఇవ్వండి. ఖాళీ క్యాసెట్ నేనే పంపిస్తాను… ఎందుకని?… క్యాసెట్ అయితే చేతులు మారుతుంది. ఊరంతా వినేస్తే మీ రికార్డుకి గొప్ప ఏముంటుంది. అవును, నిజమే… నేను ఎవరికీ ఇవ్వను నాయనా. నా తలగడ కింద పెట్టుకుంటాను… నాక్కూడానా? పాడిన నాక్కూడా ఇవ్వరా?… సంఘం తీర్మానం. మీరేం చెయ్యగలరు పాపం, మీరు కార్యదర్శి మాత్రమే.

అడుక్కుంటున్నాననుకోండి బాబూ. పెద్దదాన్ని. ఇంతకన్నా ఎలా అడగాలో నాకు తెలియదు…

ఆ… అద్దాల బీరువాలో పెడతారు. ఆ… నేను ఎప్పుడైనా రావచ్చు. వచ్చి… చూడొచ్చు. నా పాటని చూసి వెళ్ళొచ్చు.

…

ఉన్నానండి. ఆలోచిస్తున్నాను.

సరే. మీకు కావల్సింది నా మాట కదూ? చెప్తాను, రాసుకోండి… కలం తెచ్చుకున్నారా?… ఇది నాది కాదండి.

… అవును. నకిలీది. పెద్దిరాజు గారు సరిగ్గానే చెప్పారు… బాగానే విన్నాను. నా గొంతు నాకు తెలియదా?… ఏమో మరి, నాలాగే పాడింది ఆ పిల్ల, కాదనను. కానీ మధ్యలో ఎవరో గుసగుసలాడారు, మీరు విన్నారా? 'కొంగు పరిచి' అని మాట అందించారు… విన్నారు కదూ. ఇప్పుడు చెప్పండి. మద్రాసులో అద్దాల గదిలో పాడించారు నా చేత. నాకు… నాకు పక్కన ఎవరున్నారండీ అందించడానికి?

… ఎవరూ లేరు. నేనొక్కదాన్నే.

అంత పెద్ద కంపెనీ అలాంటిది ఉంచుతుందా, మీరే ఆలోచించండి. మాట మర్చిపోయి పక్కవాళ్ళ చేత అందించుకుని… ఛ, అదీ ఒక పాటేనా.

అయ్యో, కూచోండి ముందు. ఫ్యాన్ వేసుకోండి… మిగతా మూడు సంగతి నేనెలా చెప్పను? పెట్టి వినండి. ఆ గుసగుస ఉంటే అవీ ఇంతే… ఇంక భయం దేనికండీ, నకిలీవి అరిగితే ఏంటి, అరక్కపోతే ఏంటి? హాయిగా వినండి.

దీన్నేం చేస్తారు?… గోదాట్లోనా! వద్దు! వద్దు వద్దు వద్దు… అబ్బే, ఏం లేదు. గోదావరి ఏం పాపం చేసిందనీ… ఇలా పంపించెయ్యండి. మా కోడలు పాత రికార్డులు వేణ్ణీళ్ళలో ముంచి పూలకుండీలు చేస్తుంది… అవునండీ, మెత్తబడతాయి, ఎలా కావాలంటే అలా వంచుకోవచ్చు… మా ఊరి మీదుగా వచ్చే ద్రాక్షారం బస్సు కండక్టరు చేతికివ్వండి. మా స్టాండులో మేం తీసుకుంటాం. రెండు అట్టల మధ్య పెట్టి కట్టండి. ఎండ తగలని చోట పెట్టమనండి, పైన ఎవరూ బుట్టలు పెట్టకుండా చూడమనండి… అంటే… ముందే విరిగిపోతే కుండీ సరిగ్గా రాదండీ.

ఇవాళే. సభ మొదలవకముందే. పెద్దిరాజు గారి కంట పడితే నవ్విపోతారు మరి… నేనెవరికీ చెప్పనులెండి… ఉంటాను బాబూ.

—పెట్టేశాడు.

ఏంటమ్మా అలా చూస్తావు?… కుండీలా? నీకు చెయ్యడం రాదని నాకు తెలియదా… అబద్ధమే. నిలువునా అబద్ధం. నేనే ఆ పిల్లని, అది అక్కయ్య గొంతే. 'కొంగు పరిచి' అంది. ఎంత మెత్తగా అందో…

మద్రాసులో దాన్ని బయట కూచోబెట్టమంటే లేచి వచ్చేసినదాన్ని, ఇవాళ నా నోటితో నేనే అది లేదన్నాను. ఏం చెయ్యను? మరో దారి లేదు. కాళ్ళు పట్టుకుని చెప్పుకుంటాను, అర్థం చేసుకుంటుంది.

లే, ఎదురింటి దొరబాబు గారి మేడ మీద పాత రికార్డు ప్లేయరు ఉందట, అడిగి దింపించు. ముల్లు బాగుందో లేదో చూడమను… ఎందుకేంటి? సాయంత్రం బస్సులో అక్కయ్య వస్తోంది.