ఏడు పావుల నీళ్లు

"జర ఛాయ్ పొయ్యి శాంతాబాయీ. అరేయ్ సక్రూ, గొర్లు కాసేటోడని నన్ను అల్కగ సూడకురా. పావులు, అరలు, ముప్పావులు మన మునగాలల నా అంత తెలిసినోడు లేడు. గీ యాసంగి ముచ్చటే ఇను. గిదో, గీడ కూసున్న సాయమ్మకు కాలువ నీళ్లు బందయినయ్. రెండెకరాల వరి పొట్ట మీదున్నది, నీళ్లు లేకుంటె గింజ వట్టదు, ఇంటికి ఏడాది తిండి గదే. ఇటుదిక్కు కృష్ణమూర్తి పటేలు, అటుదిక్కు మురళీధర్ సారు, ఇద్దరూ 'మా బోరు నీళ్లు పారిచ్చుకో' అన్నరు. ఇద్దరివీ పాత మోటర్లు, ఆపి ఆపి ఏయాలె. పటేలు దినాం ఐదు అరగంటలు ఇస్తనన్నడు, సారు దినాం ఏడు పావుగంటలు ఇస్తనన్నడు. ఇద్దరి పైపులు జూస్తె ఒక్కటే సైజు. పరేషానై నా కాడికి ఉరికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? చిటికెల తేల్చిన! ఐదు పెద్దదా, ఏడు పెద్దదా? ఏడు! సారు నీళ్లే వట్టుమన్న."

"గంతేనా మామా?" అన్నడు సక్రు.

"గంతేనంటవేందిరా! గీ ముచ్చట మిర్యాలగూడ దాక పాకింది. మిల్లు సేటు కారు పంపిండు. పదమూడు పావు క్వింటాళ్లు పెద్దదా, మూడుంబావు క్వింటాలు పెద్దదా అని గాడ కొట్లాట. పదమూడే పెద్దదన్న. తూసి సూస్తె నా మాట పోనియ్యొద్దని బియ్యమే పెరిగినయ్!"

"రెండూ ఒకటే గద యాదన్నా," అన్నది శాంతాబాయి, ఛాయ్ వడపోస్తూ.

"నువ్వు మధ్యల రాకు తల్లీ. ఇగ సూర్యాపేట ఆఫీసరు నా ముంగట కాలిక్యులేటర్ వెట్టిండు. నేను నోరు తెరిసేసరికి అది సిగ్గువడి బందయింది. కోదాడ నుంచి ఒకాయనొచ్చి 'మీరు మనిషేనాండీ?' అన్నడు. ఆఖర్కి సాగర్ కాడికి తోల్కవోయిండ్రు. గేట్లు ఎత్తినా నీళ్లు కదలుత లేవు. ఎందుకో ఎరుకేనా? ఎటు ఎన్ని పావులు పోవాల్నో నేను జెప్పాలెనట! అడుగుండ్రి, సాయమ్మే సాక్ష్యం."

సాయమ్మ ఛాయ్ గ్లాసు కింద వెట్టింది.

"యాదన్నా, ఏడు పావులు కలిపితె ఎన్ని గంటలు?"

"గదేమంత... నాలుగు పావులకు ఒక గంట. ఇంకో మూడు పావులు. ఒకటి ముప్పావు."

"ఐదు అరలు?"

యాదయ్య వేళ్లు ముడిచిండు. ఒకసారి ముడిచి, మల్ల మొదటి నుంచి ముడిచిండు. "రెండు... రెండున్నర."

"దినాం ముప్పావు గంట తక్కువాయె. నాకు లెక్క రాదు, నీ మాట నమ్మిన. వరి ఎండినంక వేళ్ల మీద కలిపి సూసుకున్న."

"గది కాదు సెల్లె, ఈసారి ఎండలు..."

"కోత మిషనోడు కంకి నలిపి సూసి, అంతా తాలేనని వాపసు పోయిండు. ఊకె ఎండవెట్టుడెందుకని గొర్లను తోలుమని పొద్దుగాల నేనే నీ ఇంటామె సత్తెమ్మ వదినెకు కబురు వెట్టిన. నువ్వు గీడ సాగర్ నీళ్లు పంచుతున్నవ్, గాడ నీ గొర్లు నా రెండెకరాలల్ల మేస్తున్నయ్. పో అన్నా, పొయ్యి సూసుకో."