గుర్రం పెట్టిన దండం

ఎడారిలోని వఫ్రా తోటలో గురప్ప ఆడగుర్రానికి గడ్డి వేస్తున్నాడు. పశువుల డాక్టరుని దింపి వచ్చిన డ్రైవరు భీమేశ్వరరావు పలకరించాడు.

“గురప్పగారూ, మీ శిష్యురాలు ఇవాళా దండం పెట్టిందాండీ?”

“పెట్టకేం? ఎవురూ సూడకుండా బొట్టు పెట్టినకాడ్నుంచి రోజూ గోడకు తలానిచ్చి నిలబడతాంది. నేనే నేర్పిచ్చినా.”

“మరి జీతమిచ్చే అరబ్బు కఫీల్‌కి పెట్టదేంటండీ?”

“బొట్టు పెట్టింది నేను గదన్నా!”

“ఆయ్, అది భక్తి కాదంటండీ. మెదడుకి వైరసంట. గుర్రాలకే కాదు, గొర్రెలకీ మనుషులకీ కూడా రావచ్చన్నారు డాక్టరుగారు.”

“నీకు బయంలేదులే రావన్నా. మెదడు యాడుంది నీకు?”

రావు నవ్వలేదు.

“నయమైతాదంట గదా?”

రావు తల అడ్డంగా ఊపాడు.

గురప్ప గోడకూ గుర్రం నుదుటికీ మధ్య అరచెయ్యి అడ్డంపెట్టాడు.

“తలెత్తు తల్లీ. నాకేం దండాలొద్దు.”