కప్పు పైకి తీసేంత జాగా

టాంపాలో ఆదివారం మధ్యాహ్నం. అమ్మను చూసి ఇంటికొచ్చిన కొత్త పెళ్లికూతురు కోరీన్, పగడాలు, చేపలు పెంచే గాజు తొట్టిని నిలిపిన బల్ల అర తెరిచి రంపపు పొట్టు చూసింది.

"డెస్మండ్! ఇక్కడి అడ్డచెక్క ఏది?" మొగుణ్ణి కేకేసింది.

"కోసేశాను. కొత్త స్కిమ్మర్‌కి, అదే నీళ్ల మురికి తీసే యంత్రానికి, ఎత్తు చాలలేదు."

"వంద గాలన్ల నీళ్లు మోసే చెక్కనా?"

"స్కిమ్మర్ దూరింది కానీ, మురికి నురుగు చేరే కప్పు పైకి తీయడానికి జాగా లేదు మరి."

"కొనేముందు ఎత్తు కొలవమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా! పైగా మూడొందల గాలన్ల తొట్టికి పెట్టేదా?"

"పెద్దదైతే నీళ్లు ఇంకా శుభ్రంగా ఉంటాయనుకున్నా. నీకు సంతోషంగా ఉంటుందని..."

"మన ఆరు చేపల మురికి దానికి ఏ మూలకి? నురుగు కప్పుదాకా ఎక్కనే ఎక్కదు, మొద్దూ!"

తొట్టి కిర్రుమంది. ఒక మూల గోరంత కుంగింది.

"బకెట్లు తే! ముందు పగడాలు, తర్వాత చేపలు."

"రెండే ఉన్నాయి."

"మన స్నానాల తొట్టి కడిగి, ఈ నీళ్లే అందులో పొయ్యి. బల్ల బాగయ్యేదాకా చేపలక్కడే."

"మరి మన స్నానాలు?"

"పక్కింటివాళ్లని నువ్వే అడుగు, సబ్బు పట్టుకెళ్లి. నవ్వావంటే చంపుతా!"

అతను నవ్వలేదు. ముందు ఆమెకే నవ్వొచ్చింది. నవ్వొచ్చిందన్న కోపంతోనే బకెట్ అందుకుంది.